నాలుగు స్పీకర్లూ కలిపి ఆన్ చేస్తే ఎస్‌టీఐ ఎందుకు పడిపోయింది?

ముందు మీరు అడిగింది నా మాటల్లో ఒకసారి చెప్తాను, ఎక్కడైనా తప్పుంటే సరిచేయండి. ఫంక్షన్ హాలు 36 మీటర్ల పొడవు, 20 వెడల్పు, 8 ఎత్తు. స్టేజికి అటూ ఇటూ రెండు మెయిన్ స్పీకర్లు. స్టేజి నుంచి 18 మీటర్ల దగ్గర, పక్క గోడలకు ఇంకో రెండు. ఒడియన్‌లో, అంటే గదిలో ధ్వని ఎలా ఉంటుందో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్‌లో, మోడల్ చేశారు. వెనక వైపు ఎడమ గోడ దగ్గరి సీటులో రిసీవర్ (వినేవాడి చోటు) పెట్టి, పక్కనున్న స్పీకరు ఒక్కటే ఆన్ చేస్తే ఎస్‌టీఐ (మాట ఎంత స్పష్టంగా అర్థమవుతుందో 0 నుంచి 1 దాకా చెప్పే అంకె) 0.54 వచ్చింది. నాలుగూ ఆన్ చేస్తే 0.43కి పడింది. సౌండ్ పెరిగింది, స్పష్టత తగ్గింది. పైగా రెండు సమానమైన స్పీకర్లు కలిస్తే 6 డెసిబెల్స్ పెరగాలి కదా, 3 మాత్రమే చూపిస్తోందేంటి, సాఫ్ట్‌వేర్‌లో బగ్గా అన్నారు. విడివిడిగా వచ్చిన నాలుగు ఎస్‌టీఐల సగటు రిపోర్టులో రాయొచ్చా అని కూడా అడిగారు. చివర్లో నాదస్వరం, డోలు, యాంకర్ మాట కలిపి క్లయింటుకు వినిపించడం ఎలా అని.

బగ్ లేదు. నిజం హాలు కట్టి, ఇప్పుడున్న సెట్టింగులతోనే స్పీకర్లు ఆన్ చేస్తే అక్కడా ఇదే జరుగుతుంది. సగటు మాత్రం రాయకండి. కలిసేవి ఇంపల్స్ రెస్పాన్స్‌లు (ఒక్క చప్పట్టు లాంటి చప్పుడు సీటుకి ఎప్పుడెప్పుడు ఎంత చేరిందో చూపే రికార్డులు), ఎస్‌టీఐలు కావు. ఏ స్పీకరు నుంచి ఎంత ఎనర్జీ ఎన్ని మిల్లీసెకన్లకు వచ్చిందో అవన్నీ ఒకే టైమ్‌లైన్ మీద కుప్ప పోసి, ఆ కుప్ప మీద ఎస్‌టీఐ, సీ50, డీ50 (ఈ రెండూ మొదటి 50 మిల్లీసెకన్లలో చేరిన ఎనర్జీ వాటాను చెప్పే అంకెలు) లెక్క కట్టాలి. టెంపోలో పది మంది ఎక్కితే వాళ్ల బరువులు కూడతాం గానీ వాళ్ల బీపీల సగటు తీసి బండి బీపీ ఇంత అని చెప్పం కదా.

3, 6 డెసిబెల్స్ సంగతి. రెండు స్పీకర్లకూ ఒకే సిగ్నల్ ఇచ్చి, ఖాళీ మైదానంలో రెండింటికీ సరిగ్గా సమాన దూరంలో మీరు నిలబడితే 6 వస్తుంది. రెండు అలలూ ఒకేసారి ఎగసి ఒకేసారి పడతాయి కాబట్టి ప్రెషర్ రెట్టింపవుతుంది. ఆ మధ్యగీత నుంచి ఒక అడుగు పక్కకి జరగండి. 1000 హెర్ట్జ్ దగ్గర అల పొడవు సుమారు 34 సెంటీమీటర్లు. దారుల్లో తేడా 17 సెంటీమీటర్లు అయిందంటే ఒకటి ఎగసే చోట రెండోది పడిపోతుంది, ఆ ఫ్రీక్వెన్సీలో సౌండ్ మాయం. రెట్టింపు ఫ్రీక్వెన్సీలో మళ్లీ కలుస్తుంది. ఇలా దువ్వెన పళ్లలా లేస్తూ పడుతూ ఉంటుంది. దారుల్లో తేడా మీటర్లలో ఉంటే ఈ పళ్లు చిక్కగా వస్తాయి, అప్పుడు ఒక ఆక్టేవ్ బ్యాండు (పై అంచు కింది అంచుకి రెట్టింపు ఉండే ఫ్రీక్వెన్సీల పట్టీ) మొత్తానికీ సగటు తీస్తే 3 దగ్గర తేలుతుంది. అందుకే విడివిడి సోర్సులను (మోడల్‌లో పెట్టిన స్పీకర్లను) ఒడియన్ ఎనర్జీ లెక్కన కలుపుతుంది. మీ హాలులో వెనక వరుసల వాళ్లు వినేది చాలావరకు గోడలకు, సీలింగుకు తగిలి వచ్చిన మారుమోతే, దాంట్లో ఫేజ్‌లు (అలలు ఎగసి పడే వేళలు) ఎలాగూ చిందరవందరగా ఉంటాయి. కాబట్టి 3 అనేదే సరైన జవాబు.

దీన్ని మీరే చెక్ చేసుకోవచ్చు, నేను ప్రతి మోడల్‌కీ చేస్తాను. జాబ్ లిస్ట్‌లో అయిదు జాబ్‌లు (ఒక్కో జాబ్ ఒక లెక్క) పెట్టండి. మొదటి నాలుగింటిలో ఒక్కో స్పీకరు, అయిదోదానిలో నాలుగూ. అదే సీటు. 1000 హెర్ట్జ్‌లో, ఉదాహరణకి, ఎడమ మెయిన్ 78.2, కుడి మెయిన్ 77.6, ఎడమ గోడ స్పీకరు 81.5, కుడి గోడది 77.0 వచ్చాయనుకోండి. ఒక్కోదాన్ని పదితో భాగించి, 10ని ఆ ఘాతానికి హెచ్చించి, నాలుగూ కూడి, మళ్లీ లాగ్ తీసి పదితో గుణిస్తే 85.0 వస్తుంది. ఎక్సెల్‌లో రెండు నిమిషాల పని. అయిదో జాబ్‌లో కూడా 85 దగ్గరే ఉంటే మోడల్ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఒకటి రెండు డెసిబెల్స్ పక్కకి పోయిందంటే ఏదో ఒక సోర్సు గెయిన్ మార్చి మర్చిపోయారు, లేదా ఒకే స్పీకరు రెండుసార్లు పెట్టారు. కాపీ పేస్ట్ చేసినప్పుడు పాతది దాని కిందే ఉండిపోవడం నా దగ్గర పనిచేసే పిల్లలు తరచూ చేసే తప్పు.

దీనికి ఒక పెద్ద మినహాయింపు ఉంది, లైన్ అర్రే. ఒకదాని కింద ఒకటి వేలాడే ఎనిమిది బాక్సులను ఎనిమిది పాయింట్ సోర్సులుగా (ఒక్కో బిందువు నుంచి మోగే సోర్సులుగా) పెట్టి ఎనర్జీ లెక్కన కలిపితే 9 డెసిబెల్స్ పెరుగుదలే కనిపిస్తుంది. అసలు అర్రే ముందు, ఫేజ్ కలిసే దిశలో, 18 రావాలి. సన్నటి బీమ్‌గా కూడా మారాలి, పాయింట్ సోర్సులతో అది ఎప్పటికీ రాదు. దానికి ఒడియన్‌లో అర్రే సోర్స్ అని వేరే రకం ఉంది, అందులో బాక్సులను ఫేజ్‌తో సహా కలుపుతుంది. ఈజ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి స్పీకరు తయారీదారు ఇచ్చే జీఎల్‌ఎల్ ఫైల్ ఆ పని చేస్తుంది. మీవి విడి బాక్సులే కాబట్టి ఈ గొడవ లేదు.

ఇక అసలు విషయం, స్పష్టత. రెండు కారణాలున్నాయి, రెండూ కలిసి మిమ్మల్ని కొట్టాయి.

మొదటిది: ప్రతి స్పీకరూ హాలు మొత్తాన్నీ మారుమోతతో నింపుతుంది, కానీ ఆ సీటుకి కావాల్సిన డైరెక్ట్ సౌండ్ ఇచ్చేది పక్కనున్నది ఒక్కటే. మీ హాలు ఘనపరిమాణం 5760 ఘనపు మీటర్లు. ఖాళీ హాలుకి టీ30 (మారుమోత 60 డెసిబెల్స్ పడిపోవడానికి పట్టే టైము) 2.8 సెకన్లు వచ్చిందన్నారు. ఘనపరిమాణాన్ని టీతో భాగించి, వర్గమూలం తీసి, 0.057తో గుణిస్తే 2.6 మీటర్లు. అన్ని వైపులా సమానంగా వినిపించే సోర్సుకి డైరెక్ట్ సౌండూ మారుమోతా సమానమయ్యే దూరం అది. మీ స్పీకరు డైరెక్టివిటీ 10, అంటే ఎదుటి దిక్కుకి పదిరెట్లు గుమిగూర్చి పంపుతుంది, అనుకుంటే 8.2 మీటర్లు. ఆ సీటు పక్క స్పీకరుకి 9 మీటర్ల దూరంలో ఉంది. అంటే అది ఒక్కటే మోగుతుంటే డైరెక్ట్ సౌండు మారుమోత కన్నా ఒక డెసిబెల్ కూడా తక్కువ కాదు. అందుకే 0.54. ఇప్పుడు అదే పవర్‌తో ఇంకో మూడు ఆన్ చేస్తే మారుమోత 6 డెసిబెల్స్ పెరిగింది, డైరెక్ట్ సౌండు అక్కడే ఉంది. తేడా మైనస్ 7కి పోయింది. స్పీకర్లు రెట్టింపు చేసినప్పుడల్లా ఈ 3 డెసిబెల్స్ జరిమానా కట్టాల్సిందే. గుడి మంటపాల్లో, కళ్యాణ మంటపాల్లో స్తంభానికో స్పీకరు బిగించి, ఏం చెప్తున్నారో ఒక్క ముక్క అర్థంకాక, ఇంకో నాలుగు బిగిస్తారు చూడండి, అది ఇదే.

రెండోది టైమింగ్. 30 డిగ్రీల వేడిలో ధ్వని వేగం సెకనుకి 349 మీటర్లు. మీ సీటుకి ఎడమ గోడ స్పీకరు 9 మీటర్లు, కుడి గోడది 19, ఎడమ మెయిన్ 27, కుడి మెయిన్ 29. అంటే సౌండు చేరే టైములు వరసగా 26, 54, 77, 83 మిల్లీసెకన్లు. మొదట చేరినదాన్ని సున్నా అనుకుంటే స్టేజి మెయిన్‌లు 51, 57 మిల్లీసెకన్ల తర్వాత వస్తున్నాయి. సీ50, డీ50 లెక్కలో 50 దాటి వచ్చిందంతా మాటకి సాయం చేసేది కాదు, చెడగొట్టేది. రెండు మెయిన్ స్పీకర్లూ ఒకటి, ఏడు మిల్లీసెకన్ల తేడాతో శత్రుపక్షంలో చేరిపోయాయి.

ఎస్‌టీఐలో అయితే 50 దగ్గర గీత లేదు. కానీ దెబ్బ అక్కడా తప్పదు, ఎలాగో కాస్త దగ్గరగా చూద్దాం. మాట అంటే గుట్టలూ పల్లాలూ: అక్షరం పలికితే గుట్ట, అక్షరానికీ అక్షరానికీ మధ్య పల్లం. చెవి ఈ ఎత్తుపల్లాలను పట్టుకునే మాటను గుర్తుపడుతుంది. ఎస్‌టీఐ చేసేదల్లా, 7 ఆక్టేవ్ బ్యాండుల్లో 0.63 నుంచి 12.5 హెర్ట్జ్ దాకా 14 రకాల ఊపుల్లో, ఆ ఎత్తుపల్లాలు సీటు దాకా ఎంత మిగిలి చేరాయో కొలవడం. మొత్తం 98 అంకెలు. ఇప్పుడు 10 హెర్ట్జ్ ఊపు తీసుకోండి. ఒక గుట్టా ఒక పల్లం కలిపి 100 మిల్లీసెకన్లు. రెండో స్పీకరు అదే మాటను 52 మిల్లీసెకన్లు ఆలస్యంగా చెప్తే, మొదటిదాని పల్లంలో సరిగ్గా రెండోదాని గుట్ట వచ్చి పడుతుంది. నేల చదునైపోయింది. రెండూ సమాన లెవెల్ అయితే, మారుమోత లేకపోయినా సరే, 10 హెర్ట్జ్ దగ్గర మిగిలేది 0.06. 5 హెర్ట్జ్ దగ్గర 0.68, 4 దగ్గర 0.8. ఒకటి రెండోదానికన్నా 6 డెసిబెల్స్ ఎక్కువుంటే మాత్రం ఎంత చెడినా 0.6 మిగులుతుంది. కాబట్టి ఈ జబ్బు లెవెల్స్ దగ్గర దగ్గరగా ఉన్న సీట్లలోనే ముదురుతుంది. మీరు ఎంచుకున్న సీటు అలాంటిదే.

మందు: డిలే, అంటే సిగ్నల్‌ని కొన్ని మిల్లీసెకన్లు ఆపి పంపడం. గోడ స్పీకర్లకు, మెయిన్‌లకు కాదు. దీన్ని తిరగేసి పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. దగ్గరిది తొందరపడుతోంది కాబట్టి దాన్నే ఆపాలి. 18 మీటర్లకి 52 మిల్లీసెకన్లు, దానికి ఇంకో 10 కలిపి 62 పెట్టండి. ఆ అదనపు పది ఎందుకంటే, మొదట చేరిన దిక్కు నుంచే సౌండు వస్తోందని చెవి అనుకుంటుంది. 1949లో జర్మనీలో హెల్ముట్ హాస్ తన పరిశోధనలో చూపించింది ఇదే: కొద్ది మిల్లీసెకన్లు వెనక వచ్చేది దాదాపు 10 డెసిబెల్స్ ఎక్కువున్నా దిక్కు మాత్రం ముందు వచ్చినదానిదే. కాబట్టి మైకు పట్టుకున్న మనిషి స్టేజి మీదే మాట్లాడుతున్నట్టు ఉంటుంది, గోడలోంచి కాదు. 62 పెట్టాక ఆ సీటులో టైములు చూడండి: మెయిన్‌లు 77, 83, గోడవి 88, 116. అన్నీ 40 మిల్లీసెకన్ల లోపల చేరాయి.

ఒక్క సీటు చూసి సంబరపడకండి. గోడ స్పీకరు కిందే ఉన్న సీటులో ఎంత వెనకపడుతోందో చూడండి, 20 దాకా ఉంటే ఫర్వాలేదు. ముందు వరుసలు ఇంకా ముఖ్యం. స్టేజికి 9 మీటర్లలో కూర్చున్నవాళ్లకి గోడ స్పీకరు వెనక వైపు నుంచి కారే సౌండు 60 మిల్లీసెకన్ల పైన ఆలస్యంగా చేరుతుంది, లెవెల్ ఎక్కువుంటే ఎకోగా వినపడుతుంది. అందుకే సోర్సుకి అసలు స్పీకరు డైరెక్టివిటీ ఫైలు పెట్టాలి. ఆమ్నీ (అన్ని వైపులా సమానంగా మోగే సోర్సు) పెట్టి వదిలేస్తే మోడల్‌లో లేనిపోని ఎకో కనిపిస్తుంది.

ఎకో అంటే గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కింద ఒక ఆడిటోరియం వాళ్లు వెనక వరుసల్లో మాట రెండుసార్లు వినిపిస్తోందని పిలిచారు. మోడల్ చేశాను, నాలుగు స్పీకర్లూ కలిపి రన్ చేశాను, రెస్పాన్స్‌లో 70 దగ్గర పెద్ద ముల్లు. వెనక గోడే అనుకుని 60 చదరపు మీటర్ల ప్యానెల్స్ రాసిచ్చాను. బిగించారు. ఎకో చెక్కుచెదరలేదు. మళ్లీ వెళ్లి, ఆంప్లిఫయర్ రాక్ దగ్గర కూర్చుని ఒక్కో స్పీకరు మ్యూట్ చేస్తూ పోతే, మెయిన్‌లు ఆపగానే ఎకో పోయింది. డీఎస్‌పీలో (స్పీకర్లకు సిగ్నల్ సర్దే పెట్టెలో) డిలే సున్నా. నా మోడల్‌లోనూ సున్నానే, డిలే గడి ఖాళీగా వదిలేశాను. అంటే మోడల్ నిజమే చెప్పింది, నేనే గోడ మీద తోశాను. ప్యానెల్స్ డబ్బుల మాట ఇప్పటికీ ఎవరూ ఎత్తకపోవడం వాళ్ల మంచితనం. అప్పటి నుంచి కలిపి రన్ చేసేముందు సోలో రన్‌లు చేయకుండా నేను ఏ రిఫ్లెక్షన్‌నీ ఏ గోడకీ అంటగట్టను.

ఇంకో రెండు చోట్ల కాలు జారొచ్చు. డేటాషీటులో మాక్సిమం ఎస్‌పీఎల్ (డెసిబెల్స్‌లో సౌండ్ లెవెల్) 126 అని ఉంటే అదే సోర్సు లెవెల్‌గా దించేస్తారు. అప్పుడు సీటు దగ్గర నూరు దాటుతుంది. ఎస్‌టీఐ లెక్కలో సౌండ్ మరీ ఎక్కువైతే ఒక బ్యాండు పక్క బ్యాండును కప్పేయడం కూడా ఉంటుంది కాబట్టి, లెవెల్ పెరిగిన కొద్దీ అంకె పడుతుంది. సీటు దగ్గర 75 నుంచి 80 ఉండేలా గెయిన్ దించండి. రెండోది బ్యాక్‌గ్రౌండ్ నాయిస్. అది సున్నాలా వదిలేస్తే ఎస్‌టీఐ ఎవరి పెళ్లికీ పనికిరాదు. ఏసీ, జనం గోల కలిపి బ్యాండులవారీగా ఇవ్వండి.

రిపోర్టులో టీ30 మాత్రం నాలుగు స్పీకర్లతో వచ్చింది రాయకండి. ఐఎస్‌ఓ 3382-1 (గది ధ్వని కొలతల అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం అది గది గుణం, స్పీకర్లది కాదు. ఆమ్నీ సోర్సు, ఒకసారికి ఒకటే, కనీసం రెండు చోట్ల పెట్టి తీయాలి. కలిపి తీస్తే టీ30 పెద్దగా మారకపోవచ్చు గానీ, మొదటి 10 డెసిబెల్స్ మీద లెక్కకట్టే మారుమోత టైము, ఈడీటీ, మెట్లు మెట్లుగా పడి అర్థంలేని అంకె ఇస్తుంది. మీరు ఈడీటీ కొన్ని సీట్లలో టీ30 కన్నా ఎక్కువొచ్చిందని కంగారుపడ్డారు కదా, ఆలస్యంగా వచ్చిన మెయిన్‌ల మెట్టే అది. స్ట్రెంగ్త్ జీ (గది సౌండును ఎంత పెంచుతుందో చెప్పే అంకె) కావాలంటే అదే ఆమ్నీ సోర్సుకి ప్రతి బ్యాండులో 31 డెసిబెల్స్ పవర్ ఇవ్వండి, ఎస్‌పీఎల్ గడిలో కనపడేదే జీ అవుతుంది. స్పీకర్ సిస్టమ్ ఎస్‌టీఐ, ఎస్‌పీఎల్ మ్యాప్‌లు వేరే చాప్టర్లో, నాలుగూ కలిపి, డిలేలతో.

నిజాయితీగా ఒక మాట. డిలే సరిచేసి, గోడ స్పీకర్ల లెవెల్ సర్దితే 0.43 కాస్త పైకి వస్తుంది. కానీ 2.8 సెకన్ల హాలులో ఎలక్ట్రానిక్స్‌తో అద్భుతాలు జరగవు. సబీన్ సూత్రంతో చూస్తే ఇప్పుడు మీ హాలులో అబ్సార్ప్షన్ (సౌండును పూర్తిగా పీల్చే ఉపరితలం ఎంత ఉన్నట్టో చెప్పే లెక్క) 331 చదరపు మీటర్లు. టీ 1.6కి రావాలంటే 580 కావాలి. లోటు దాదాపు 250. 0.85 గుణకం ఉన్న ప్యానెల్ అయితే 290 చదరపు మీటర్ల పైచిలుకు, అంటే 720 చదరపు మీటర్ల సీలింగులో సగానికి కాస్త తక్కువ. నాలుగొందల మంది కూర్చుంటే వాళ్లే దాదాపు 200 తెస్తారు, కానీ సగం ఖాళీ కుర్చీలతో రిసెప్షన్లు జరుగుతాయి కాబట్టి వాళ్లను నమ్ముకోవద్దు. క్లయింటు ఇంకో నాలుగు స్పీకర్లు కొంటానంటే ఆ డబ్బు సీలింగుకు మళ్లించమనండి.

ఇక వినిపించే సంగతి. యాంకర్ మాట నాలుగు స్పీకర్లలోనూ ఒకటే సిగ్నల్, కాబట్టి నాలుగూ కలిపిన బైనారల్ రెస్పాన్స్‌తో (రెండు చెవులకీ విడిగా తీసిన రెస్పాన్స్‌తో) ఒకసారి కన్వాల్వ్ చేస్తే, అంటే రికార్డింగుకి ఆ హాలు మోతను అద్దితే, సరిపోతుంది. నాదస్వరం, డోలు మైకు లేకుండా స్టేజి మీద వాయిస్తున్నట్టు చూపాలంటే కథ వేరు. రెండూ వేరువేరు సిగ్నల్స్. ఒక్కోదానికి స్టేజి మీద దాని చోట ఒక సోర్సు, దాని సొంత జాబ్, దాని సొంత రెస్పాన్స్, దాని సొంత రికార్డింగుతో కన్వాల్వ్ చేసి, వచ్చిన వేవ్ ఫైళ్లను చివర్లో మిక్స్ చేయాలి. అన్ని జాబ్‌లలోనూ రిసీవర్ తల ఒకే దిక్కు చూడాలి. ఒక్కో జాబ్‌లో ఒక్కో సోర్సు వైపు తిరిగితే అన్నీ ముక్కుకి ఎదురుగానే వినిపించి, స్టేజి వెడల్పు మాయమైపోతుంది. అన్నిటికన్నా పెద్ద తప్పు, ఒక్కో ఫైలునూ ఫుల్ లెవెల్‌కి నార్మలైజ్ చేసి తర్వాత కలపడం. అప్పుడు డోలూ, శ్రుతి పెట్టె ఒకే సైజులో ఉంటాయి. లెవెల్స్ అలాగే ఉంచి, అంతా కలిపాక ఒక్కసారే నార్మలైజ్ చేయండి.

రికార్డింగులు గది మారుమోత లేనివై ఉండాలి. సింఫనీ వాద్యాలకైతే ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయం వాళ్లు ఒక్కో వాద్యాన్నీ విడిగా, ప్రతిధ్వని లేని గదిలో రికార్డు చేసి పరిశోధనకి ఇచ్చారు. నాదస్వరానికి నేను పడ్డ తిప్పలు వేరు. కోత కోసిన వరిచేలో, గాలి లేని పొద్దున, విద్వాంసుడిని మోడు మీద నిలబెట్టి, మీటరు దూరంలో మైకు పెట్టాను. దగ్గర్లో గోడ లేదు, నేల మెత్తన, ఫలితం బాగానే వచ్చింది, రెండో టేకులో చిలకల గుంపు తప్ప. ఒకే రికార్డింగును రెండు మూడు సోర్సులకి వాడి కోలాటం బృందం అనిపించాలని మాత్రం చూడకండి. అచ్చంగా ఒకేలా ఉన్న సిగ్నల్స్ కలిస్తే ముందు చెప్పిన దువ్వెన వచ్చి, గొట్టంలోంచి పాడినట్టుంటుంది. మనిషికో టేకు కావాలి.

భోజనాల హాలు కూడా అదే మోడల్‌లో ఉందన్నారు. అక్కడ వందలమంది మాటలు విడి సిగ్నల్స్ కాబట్టి ఎనర్జీ లెక్క నిస్సందేహంగా సరైనది. ఒక సర్ఫేస్ సోర్సు (ఒక ఉపరితలం మొత్తం మోగే సోర్సు) చాలు, ముగ్గురు నలుగురికి ఒకరు మాట్లాడుతున్నట్టు పవర్ ఇవ్వండి. కానీ గోల పెరిగితే మనుషులు గొంతు పెంచుతారన్న సంగతి సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. జనం రెట్టింపైతే లెక్కలో 3 డెసిబెల్స్, పంక్తిలో మాత్రం 6 దాకా పెరుగుతుంది. ఆ సర్దుబాటు మీరే చేతితో వేయాలి.

ముందు ఆ అయిదు జాబ్‌లు రన్ చేయండి, డిలేలు సున్నాతో ఒకసారి, 62తో ఒకసారి. ఎడమ గోడ సీటు, గోడ స్పీకరు కింది సీటు, ముందు వరుస సీటు, ఈ మూడింటి ఎస్‌పీఎల్, సీ50, ఎస్‌టీఐ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.